వేడి తగలకుండా ఉంగరాల జుట్టును తిన్నగా ఆరబెట్టుకోవడం

తడిసిన వెంట్రుక ఏ ఆకారంలో ఆరితే, మళ్ళీ తడిసేదాకా ఆ ఆకారంలోనే నిలుస్తుంది. ఉంగరాల జుట్టును వేడి లేకుండా తిన్నగా చేసుకునే పద్ధతులన్నీ ఈ సూత్రం మీదే నడుస్తాయి. రోలర్లయినా, రబ్బరు బ్యాండ్లయినా, దారమయినా, తల చుట్టూ చుట్టుకోవడమయినా చేసే పని ఒకటే: తడి జుట్టును సాగదీసి పట్టి, పూర్తిగా ఆరేదాకా వదలకపోవడం. ‘పూర్తిగా’ అన్న మాటను గట్టిగా గుర్తుపెట్టుకోండి. విజయవాడలో పార్లరు నడుపుతున్నాను కాబట్టి ఇంట్లో ప్రయత్నించి కుదరలేదని వచ్చేవాళ్ళను తరచుగా చూస్తుంటాను. వారిలో ఎక్కువమంది లోపల తడి ఉండగానే విప్పేసినవాళ్ళే.

ఫలితం ఎలా ఉంటుందో ముందే తెలుసుకోవడం మంచిది. పలకల స్ట్రెయిటనర్‌తో వచ్చినట్టు తలకు అతుక్కుపోయే తిన్నదనం దీనితో రాదు. ఒత్తు తగ్గకుండా, పొడవు బయటపడి, చిక్కు పడకుండా కదిలే జుట్టు వస్తుంది. బిగుతైన ఉంగరాలు ఉన్నవారికి తడిగా ఉన్నప్పుడు నడుము దాకా వచ్చే జుట్టు ఆరేసరికి వీపు మధ్యకు ముడుచుకుపోతుంది. అలా దాగిన పొడవులో చాలా భాగం తిరిగి కనిపిస్తుంది. నా కంటికి ఇదే ఎక్కువ అందం. అందం ఎవరి అభిరుచి వారిది కావచ్చు, జుట్టు ఆరోగ్యం మాత్రం అభిరుచి సంగతి కాదు.

వెంట్రుక లోపల ఏం జరుగుతుంది

వెంట్రుక కెరాటిన్ అనే ప్రోటీన్‌తో తయారవుతుంది. ఆ ప్రోటీన్ పోగులను కలిపి ఉంచే బంధాల్లో రెండు రకాలు మనకు ముఖ్యం. హైడ్రోజన్ బంధాలు బలహీనమైనవి. నీరు తగలగానే విడిపోతాయి, ఆరేటప్పుడు కొత్త చోట మళ్ళీ కలుస్తాయి. డైసల్ఫైడ్ బంధాలు గట్టివి. నీటికి లొంగవు, వాటిని తెంచాలంటే రసాయనం కావాలి. మనం ఇంట్లో చేసేది మొదటి రకం బంధాలతోనే. కాబట్టి ఇది తాత్కాలికం, తల తడిస్తే ఉంగరం తిరిగి వస్తుంది. ఇందులో నష్టం లేదు, పుట్టుకతో వచ్చిన ఉంగరం క్షేమంగా ఉందని దాని అర్థం.

స్ట్రెయిటనర్ మార్చేదీ ప్రధానంగా ఈ హైడ్రోజన్ బంధాలనే. దాని పలకలు సాధారణంగా 180 నుంచి 230 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతాయి. గాలి కొన్ని గంటల్లో చేసే పనిని ఆ వేడి నిమిషాల్లో చేస్తుంది, బదులుగా కెరాటిన్‌నే దెబ్బతీస్తుంది. తడి మిగిలిన జుట్టు మీద పలకలు పెడితే ఇంకా ప్రమాదం. లోపలి నీరు ఆవిరై వెంట్రుకలో బుడగలు ఏర్పడతాయి, అక్కడే జుట్టు తెగుతుంది.

రీబాండింగ్ సంగతి వేరు. అందులో సాధారణంగా థయోగ్లైకోలేట్ రకం మందుతో డైసల్ఫైడ్ బంధాలను తెంచి, జుట్టును తిన్నగా చేసి, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి మందుతో మళ్ళీ కలుపుతారు. ఆఫ్రికా మూలాలున్నవారి బిగుతైన చుట్ల జుట్టుకు ఎక్కువగా వాడే రిలాక్సర్లలో సోడియం హైడ్రాక్సైడ్ గానీ గ్వానిడిన్ హైడ్రాక్సైడ్ గానీ ఉంటుంది. ఈ రెండు రకాల మందులూ ఒకే వెంట్రుక మీద పడకూడదు. విదేశంలో రిలాక్సర్ వేయించుకుని వచ్చి ఇక్కడ రీబాండింగ్ అడిగేవాళ్ళు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. చెప్పకపోతే జుట్టు తెగి దువ్వెనలోకి వస్తుంది. అలాంటివారికి కింద చెప్పే పద్ధతులు ఎంతో మేలు, ఇక్కడ ఏ మందుతోనూ పని లేదు.

ముందు జుట్టు బలం చూసుకోండి

తలస్నానం చేసినప్పుడు రాలిన ఒక తడి వెంట్రుకను రెండు చేతుల వేళ్ళతో పట్టుకుని మెల్లగా లాగండి. కొంచెం సాగి, వదలగానే వెనక్కి వస్తే జుట్టు బలంగా ఉన్నట్టు. సాగి సాగి తిరిగి రాకపోయినా, లాగీ లాగగానే పుటుక్కున తెగినా రసాయనమో వేడో దాన్ని లోపలిదాకా దెబ్బతీసిందని గ్రహించాలి. అలాంటి జుట్టుకు దారమూ బ్యాండ్లూ వద్దు. వదులుగా చుట్టిన రోలర్లతోనో, తల చుట్టూ చుట్టే పద్ధతితోనో సరిపెట్టుకోవాలి.

రీబాండింగ్ చేయించుకుని కొన్ని నెలలు గడిచినవారికి ప్రత్యేకంగా చెప్పాలి. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు, లేదా కాస్త ఎక్కువ పెరుగుతుంది. నాలుగైదు నెలలు తిరిగేసరికి కుదుళ్ళ దగ్గర అంగుళంన్నర, రెండంగుళాల ఉంగరాల జుట్టు, దాని కింద తిన్నటి పాత జుట్టు కనిపిస్తాయి. ఆ రెండూ కలిసే గీత దగ్గర జుట్టు అన్నిటికన్నా బలహీనంగా ఉంటుంది. సరిగ్గా ఈ దశలోనే “అక్కా, మళ్ళీ మొత్తం రీబాండింగ్ చేసేయండి” అంటూ వస్తారు. నేను వద్దనే చెబుతాను. ఒకసారి మందు పడిన జుట్టు మీద మళ్ళీ మందు వేయడం దాని ప్రాణం తీయడమే. కొత్తగా వచ్చిన రెండంగుళాలను రోలర్లతో సాగదీస్తే పైదీ కిందదీ ఒకే తీరుగా కలిసిపోతాయి. జుట్టు పెరిగేకొద్దీ పాత భాగాన్ని కొంచెం కొంచెం కత్తిరించుకుంటూ పోవచ్చు.

బిడ్డ పుట్టిన మూడు నెలల ప్రాంతంలో చాలామంది తల్లులకు జుట్టు బాగా రాలుతుంది. అది సహజం, దానంతట అదే తగ్గుతుంది. ఆ రోజుల్లో మాత్రం జుట్టును లాగే ఏ పద్ధతీ వద్దు. తలలో పుండ్లు ఉన్నవారికీ, నుదుటి అంచుల్లో జుట్టు పలచబడినవారికీ ఇదే మాట. చిన్నపిల్లల జుట్టును తిన్నగా చేయాల్సిన అవసరం నాకైతే ఎక్కడా కనిపించదు.

నీరు, కాలం

నగరపాలక సంస్థ కుళాయి నీళ్ళకూ అపార్టుమెంటు బోరు నీళ్ళకూ తేడా ఉంటుంది. సబ్బు నురగ సరిగా రాకపోయినా, బకెట్టు అడుగున తెల్లటి పొర పేరుకుంటున్నా ఆ నీటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువని అర్థం. అవి జుట్టు మీద పేరుకుని గరుకుగా చేస్తాయి, ఎంత సాగదీసినా నునుపు రాదు. తల మొత్తం మంచినీళ్ళతో కడగడం కుదరకపోతే, ఆఖరిసారి పోసుకునే రెండు చెంబులయినా మంచినీళ్ళు వాడండి. లీటరు నీటిలో ఒక టేబుల్ స్పూను తెల్ల వెనిగర్ కలిపి ఆఖర్లో పోసుకుని, వెంటనే మంచినీటితో కడిగేసినా గరుకుదనం తగ్గుతుంది. ఒంటి సబ్బుతో తల రుద్దుకునే అలవాటు ఉంటే మానేయాలి. సబ్బు క్షార స్వభావం గలది, ఉప్పు నీటితో కలిస్తే జిడ్డు మడ్డిలా జుట్టును అంటుకుంటుంది.

కాలం మాట. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా గాలిలో తేమ తక్కువ, అప్పుడు చేసినది మూడు నాలుగు రోజులు నిలుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటి మండిపోతుంది కాబట్టి జుట్టు చకచకా ఆరుతుంది, కానీ కుదుళ్ళలో పట్టే చెమట రెండో రోజుకే ఉంగరాన్ని లేపుతుంది. జులై నుంచి అక్టోబరు దాకా కష్టకాలం. వాన ఒక పక్క, ఉక్క ఒక పక్క, గాలిలోని తేమే హైడ్రోజన్ బంధాలను సడలిస్తుంది. మన దసరా కూడా ఆ కాలంలోనే వస్తుంది. మూలా నక్షత్రం రోజున ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి దర్శనానికి వరుసలో నిలబడాలనుకునేవాళ్ళు జుట్టు విరబోసుకుని వెళ్ళే ఆలోచన మానుకుని, తిన్నగా సాగదీసిన జుట్టును జడో ముడో వేసుకుని వెళితే తిరిగి వచ్చేసరికి పాడవకుండా ఉంటుంది.

కావలసిన సామాను

ఇవన్నీ విజయవాడలో బీసెంట్ రోడ్డు ఫ్యాన్సీ దుకాణాల్లోనూ, గుంటూరులో పట్నం బజారు వైపూ దొరుకుతాయి. పెద్ద పళ్ళ దువ్వెన ఒకటి, పాపిట తీయడానికి సన్న తోక ఉన్న దువ్వెన ఒకటి, నీళ్ళు చిమ్మే సీసా, పాయలను పట్టి ఉంచే క్లిప్పులు, స్లైడ్లు, శాటిన్ గుడ్డ. రోలర్లు నున్నటి ప్లాస్టిక్‌వి, అయిదారు సెంటీమీటర్ల వ్యాసం ఉన్నవి కొనండి. ముళ్ళముళ్ళుగా గుడ్డకు అంటుకునే రకం రోలర్లు ఉంగరాల జుట్టుకు పనికిరావు, విప్పేటప్పుడు సగం జుట్టు వాటికే చుట్టుకుంటుంది. బ్యాండ్లు గుడ్డ చుట్టినవే కావాలి. ఆఫీసులో కాగితాలకు వేసే రబ్బరు బ్యాండు జుట్టును కోసేస్తుంది. తువ్వాలు బదులు పాత నూలు పంచె గానీ, మెత్తబడిన కాటన్ చీర ముక్క గానీ ఉంచుకోండి.

మొదటి అడుగు: నూనె, తలంటు

ముందురోజు రాత్రి కొబ్బరి నూనె కొంచెంగా రాసుకోండి. కొబ్బరి నూనె వెంట్రుక లోపలికి ఇంకుతుందనీ, తల కడిగేటప్పుడు పోయే ప్రోటీన్‌ను తగ్గిస్తుందనీ ప్రయోగాల్లో తేలింది. మన పెద్దవాళ్ళ అలవాటుకు గట్టి ఆధారమే ఉంది. అయితే కారేలా పెట్టకూడదు. నూనె వదలాలంటే రెండుమూడుసార్లు రుద్దాలి, అది జుట్టుకు మరింత నష్టం. నూనె మిగిలిపోతే జుట్టు తడి త్వరగా వదలదు, ఆకారం నిలవదు.

కుంకుడుకాయలతో కడిగే అలవాటు ఉన్నవాళ్ళు ఆ రసాన్ని పలచటి గుడ్డలో వడకట్టండి. పిప్పి ముక్కలు ఉంగరాల్లో చిక్కుకుంటే తరవాత దువ్వేటప్పుడు నరకం. షాంపూ అయితే తలకు మాత్రమే రుద్దండి, కిందికి జారే నురగ మిగతా జుట్టుకు చాలు.

తరవాత కండిషనర్ ధారాళంగా పట్టించి, అది ఉండగానే చిక్కు తీయాలి. కొసల నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి వెళ్ళండి. తడి వెంట్రుక ఎక్కువగా సాగుతుంది, పొడి వెంట్రుక కన్నా సులభంగా తెగుతుంది. అందుకే తడిలో చిక్కు తీసేటప్పుడు కండిషనర్ జారుడు తప్పనిసరి. ఒక్క చిక్కు మిగిలినా రోలరు మీద ఆ పాయ సాఫుగా కూర్చోదు.

రెండో అడుగు: నీరు తీయడం, జెల్ పట్టించడం

తువ్వాలుతో రుద్దకండి, విదిలించకండి. నూలు గుడ్డతో పిండినట్టు అదిమి పట్టండి. ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటి ఉంది. ఏ పద్ధతికి జుట్టు ఎంత తడిగా ఉండాలన్నది వేరువేరు. రోలర్లకు బాగా తడిగా, నీరు మాత్రం కారకుండా ఉండాలి. బ్యాండ్లకు, దారానికి మూడొంతులు ఆరి చేతికి చెమ్మ తగిలేలా ఉంటే చాలు. తడి ముద్దగా ఉన్న జుట్టుకు బ్యాండ్లు కడితే మధ్య భాగం మర్నాటికి కూడా ఆరదు. తల చుట్టూ చుట్టేటప్పుడు దాదాపు ఆరి ఉండాలి.

పట్టి ఉంచడానికి అవిసె గింజల జెల్‌ను మించినది నాకు కనిపించలేదు. పావు కప్పు గింజలకు రెండు కప్పుల నీళ్ళు పోసి సన్న మంట మీద కలుపుతూ ఉడికించండి. ఏడెనిమిది నిమిషాల్లో నీరు చిక్కబడి, గరిటె ఎత్తితే తీగలా జారుతుంది. అప్పుడే దించి, వేడిగా ఉండగానే పలచటి గుడ్డలో వడకట్టాలి. చల్లారితే గింజలను వదలదు. ఫ్రిజ్‌లో వారం రోజులు ఉంటుంది, వాసన మారితే పారేయండి. ఒక్కో పాయకు అర చెంచా మించి రాయవద్దు.

కొన్న క్రీములు వాడేవారు వానాకాలంలో సీసా వెనక వివరాలు చదవండి. గ్లిజరిన్ మొదటి వరుసల్లో ఉంటే దాన్ని పక్కన పెట్టండి. అది గాలిలోని తేమను లాగి జుట్టుకు అందిస్తుంది. చలికాలంలో అది మేలు, ఆగస్టులో మన శ్రమనంతా వృథా చేస్తుంది.

మూడో అడుగు: సాగదీసి పట్టడం

రోలర్లతో మొదలుపెడతాను, ఎందుకంటే రీబాండింగ్ చేయించుకున్న జుట్టుకూ, వదులు ఉంగరాలకూ ఇదే అన్నిటికన్నా మంచిది. నుదుటి మధ్య నుంచి మెడ దాకా ఒక పట్టీలా జుట్టును విడదీయండి, ఎడమ కుడి భాగాలను క్లిప్పులతో పక్కకు పెట్టండి. నుదుటి దగ్గర నుంచి రోలరు పొడవు కన్నా కాస్త తక్కువ వెడల్పున్న పాయ తీసుకోండి. రోలరు అంచులు దాటి జుట్టు జారితే ఆ జారినది ఉంగరంగానే ఆరుతుంది. పాయను తలకు లంబంగా పైకి ఎత్తి, కుదురు నుంచి కొస దాకా దువ్వండి. ఆ లాగు కుదురు దగ్గర తెలియాలి, నొప్పి పెట్టకూడదు. కొసను రోలరు మీద చదునుగా పరిచి, కావాలంటే చిన్న పలచటి కాగితం ముక్కతో కప్పి, బిగువు సడలకుండా తల దాకా చుట్టి క్లిప్పు పెట్టండి. కొస మడత పడితే కొక్కెంలా వంగి ఆరుతుంది, తరవాత దాన్ని సరిచేయడం కుదరదు. చుట్టేలోపు ఆరిపోతున్న పాయల మీద నీళ్ళు చిమ్ముతూ ఉండండి. మధ్య పట్టీ అయ్యాక పక్కలు.

రోలరు ఎంత పెద్దదయితే జుట్టు అంత తిన్నగా వస్తుంది. చిన్న రోలరుతో ఉంగరం పోయి మరో ఉంగరం వస్తుంది, అంతే.

బిగుతైన, చిక్కటి ఉంగరాలు ఉన్నవారికి బ్యాండ్లు మేలు. జుట్టును ఆరు నుంచి ఎనిమిది పాయలుగా చేసి, ఒక్కో పాయకు కుదురు దగ్గర వదులుగా ఒక బ్యాండు వేయండి. పాయను కిందికి లాగి పట్టి మూడు నాలుగు సెంటీమీటర్ల దూరంలో మరొకటి, మళ్ళీ లాగి మరొకటి, అలా కొస దాకా వేయాలి. దూరం తగ్గేకొద్దీ తిన్నదనం పెరుగుతుంది. కుదురు దగ్గరి బ్యాండు కింద వేలు దూరేంత చోటు ఉండాలి. ఉదయం చూసుకునేసరికి తల మీద చిన్న చిన్న పొక్కులు వచ్చినా, కనుబొమలు పైకి లాగినట్టున్నా అది మితిమీరిన బిగువు. అలా వారాల తరబడి చేస్తే కుదుళ్ళు శాశ్వతంగా దెబ్బతిని నుదుటి అంచుల్లో జుట్టు తిరిగి రాదు. మా పార్లరుకు వచ్చేవారిలో బిగుతు జడలు ఏళ్ళ తరబడి వేసుకుని పాపిట ముందు భాగం పలచబడినవాళ్ళను చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. ముందే ఎవరైనా హెచ్చరించి ఉంటే ఆపగలిగే నష్టం అది.

దారం చుట్టడం పశ్చిమ ఆఫ్రికాలో తరతరాలుగా ఉన్న పద్ధతి. పాయ కుదురు దగ్గర దారం ముడి వేసి, పాయ మొత్తం కప్పేలా కొస దాకా దగ్గర దగ్గరగా చుట్టుకుంటూ వస్తారు. వేడి లేని పద్ధతుల్లో దీనంత తిన్నగా తీసేది మరొకటి లేదు. కానీ ఒంటరిగా చేసుకోవడం కష్టం, విప్పేటప్పుడు ఓపిక కావాలి. లావు నూలు దారం గానీ నైలాన్ దారం గానీ వాడండి. ఊలు దారం నూగు జుట్టులో మిగిలిపోతుంది.

ఇక తల చుట్టూ చుట్టడం. జుట్టును ఒక పక్క పాపిట తీసి, తల గుండ్రాన్ని అనుసరించి చదునుగా దువ్వుకుంటూ, స్లైడ్లు పెట్టుకుంటూ చుట్టాలి. పైన శాటిన్ గుడ్డ బిగించి కట్టాలి. రోలర్లు విప్పిన రాత్రి ఇలా చుట్టుకుని పడుకుంటే రోలరు మలుపు కూడా పోయి సాఫుగా జాలువారే జుట్టు వస్తుంది. రెండూ కలిపి చేయమని గట్టిగా చెబుతాను. మధ్యలో మెలకువ వస్తే విప్పి ఎదురు దిక్కుకు చుట్టుకుంటే జుట్టు రెండు వైపులా సమంగా పడుతుంది.

మామూలు జడ వేసుకుని ఆరబెడితే తిన్నగా రాదు, అలలు వస్తాయి. కొందరికి అదే నచ్చుతుంది.

నాలుగో అడుగు: ఆరబెట్టడం

పద్ధతి ఏదయినా ఫలితం తేలేది ఇక్కడే. ఒత్తు జుట్టు రోలర్ల మీద సీలింగ్ ఫ్యాను కింద ఆరడానికి నాలుగైదు గంటలు, వానాకాలంలో అంతకన్నా ఎక్కువ పడుతుంది. కాబట్టి సాయంత్రం తలంటుకోవద్దు. ఉదయమే మొదలుపెడితే పనులు చేసుకుంటూ ఆరబెట్టుకోవచ్చు. రాత్రంతా తడి తలతో పడుకుంటే ఆకారం చెడటం ఒక్కటే కాదు, తలలో దురద, చుండ్రు పెరుగుతాయి. టేబుల్ ఫ్యాను ముందు కూర్చోవచ్చు, డ్రయ్యరు ఉంటే చల్లగాలి మీట నొక్కి వాడవచ్చు. మే నెల మధ్యాహ్నపు ఎండలో మాత్రం కూర్చోకండి. ఆ ఎండలోని అతినీలలోహిత కిరణాలు కెరాటిన్‌ను నేరుగా దెబ్బతీస్తాయి. నీడలో గాలి చాలు.

పార్లర్లలో తల మీదికి దించే హుడ్ డ్రయ్యరు సంగతి తరచూ అడుగుతారు. అది నేరుగా పలక తగిలే వేడి కాదు, చుట్టూ తిరిగే వెచ్చటి గాలి. తక్కువ వేడిలో పెట్టుకుంటే రోలర్లు గంటలోపు ఆరతాయి. వానాకాలంలో నేను దానికి అభ్యంతరం చెప్పను. సాంబ్రాణి ధూపం మీద బుట్ట బోర్లించి జుట్టు ఆరబెట్టుకునే మన అలవాటు విడిగా ఉన్న జుట్టుకు సరే గానీ, ప్లాస్టిక్ రోలర్లు పెట్టుకుని నిప్పుల దగ్గరికి వెళ్ళకూడదు. ఉబ్బసం ఉన్నవారికి ఆ పొగ అసలే వద్దు.

ఆరిందో లేదో చూడటానికి మెడ దగ్గరి రోలరు ఒకటి విప్పి, దాని లోపలి పొరను చెంపకు ఆనించండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. మళ్ళీ చుట్టి మరో గంట ఆగండి.

విప్పడం, కాపాడుకోవడం

వేళ్ళ కొసలకు రెండు చుక్కల నూనె రాసుకుని ఒక్కొక్కటీ మెల్లగా విప్పండి. బ్యాండ్లను లాగకండి, కత్తెరతో కత్తిరించి తీయండి, జుట్టు కన్నా బ్యాండు చవక. కాసేపు కదలకుండా వదిలి ఆ తరవాతే పెద్ద పళ్ళ దువ్వెన పెట్టండి.

ప్రతి రాత్రీ తల చుట్టూ చుట్టుకుని శాటిన్ గుడ్డ కట్టుకోండి. నూలు గలీబు జుట్టులో తేమను, నూనెను పీల్చి రాపిడి పెంచుతుంది. స్కూటీ నడిపేవాళ్ళు హెల్మెట్ కింద పలచటి శాటిన్ గుడ్డ కట్టుకుంటే చెమట కుదుళ్ళను ముద్ద చేయదు. ఒంటికి నీళ్ళు పోసుకునేటప్పుడు తలకు ప్లాస్టిక్ టోపీ తప్పనిసరి, స్నానాల గదిలోని ఆవిరి కూడా ఉంగరాన్ని లేపుతుంది. ఇంకొకటి, మల్లెపూలు. అమ్మేవాళ్ళు పూలు వాడకుండా నీళ్ళు చిలకరిస్తూ ఉంటారు. ఆ దండను అలాగే పెట్టుకుంటే దాని చుట్టూ ఉన్న జుట్టంతా సాయంత్రానికి చుట్టుకుపోతుంది. దండను గుడ్డ మీద పరిచి ఫ్యాను కింద పావుగంట ఉంచి, తరవాత పెట్టుకోండి.

ఈ సాగదీత వారానికి ఒకసారి మించి వద్దు. మధ్యలో నుదుటి దగ్గర వెంట్రుకలు లేస్తే వాటిని మాత్రమే కొంచెం తడిపి, జెల్ రాసి, శాటిన్ గుడ్డ అరగంట కట్టుకుంటే సరిపోతుంది.

కొబ్బరి పాలు, నిమ్మరసం, మొక్కజొన్న పిండి కలిపిన ముద్దతో జుట్టు శాశ్వతంగా తిన్నబడుతుందని చెప్పేవారి మాట నమ్మకండి. వాటిలో ఏదీ డైసల్ఫైడ్ బంధాలను తెంచదు. పైపూతగా కొంత మెత్తదనం ఇస్తుంది, తల కడగగానే పోతుంది. వంట సోడా కలపమంటే అసలే వద్దు. అది క్షారం, వెంట్రుక పైపొరను లేపి గరుకు చేస్తుంది. కెరాటిన్ ట్రీట్‌మెంట్ అనే పేరుతో చేసే వాటిలో కొన్ని వేడి తగలగానే ఫార్మాల్డిహైడ్ విడుదల చేస్తాయి. 2004లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. చేయించుకునే ముందు సీసా మీద ఏముందో చదివే హక్కు మీకుంది, అడగండి.

పెళ్ళికి చేసుకునేవారికి

పెళ్ళికూతుళ్ళు ఎక్కువగా అడిగేది ముహూర్తం ముందురోజే చేసుకోవచ్చా అని. మన పెళ్ళిలో మంగళస్నానం ఉంటుంది, తల తడుస్తుంది. ముందురోజు చేసుకున్నదంతా దానితో పోతుంది. ముహూర్తానికి ఎలాగూ పూలజడ వేస్తారు కాబట్టి అప్పటికి జుట్టు తిన్నగా లేకపోయినా లోటు లేదు. చిక్కు తీసి, రెండు మూడు బ్యాండ్లతో ఫ్యాను కింద కొంచెం సాగదీస్తే జడ సాఫుగా కూర్చుంటుంది.

అసలు అవసరం సాయంత్రపు రిసెప్షనుకు. జీలకర్ర బెల్లం నడినెత్తిన అంటుకుని ఉంటుంది, తలంబ్రాల పసుపు బియ్యం జుట్టంతా దూరి ఉంటుంది. మొత్తం తలంటుకుంటే మళ్ళీ అయిదారు గంటలు కావాలి, ఆ రోజు అంత సమయం ఎవరూ ఇవ్వరు. బియ్యం గింజలను పొడిగానే దువ్వెనతో దులపండి. నడినెత్తిన మాత్రం తడి గుడ్డతో రెండు మూడుసార్లు అద్ది తుడవండి, రుద్దితే బెల్లం పాకం పక్క వెంట్రుకలకు పాకుతుంది. తుడిచిన చోట రెండు పెద్ద రోలర్లు పెట్టి, మిగతా జుట్టును తల చుట్టూ చుట్టి శాటిన్ గుడ్డ కట్టుకుని భోజనం చేసి కాసేపు పడుకోండి. చీర మార్చుకునే ముందు విప్పితే చాలు.